పత్తి తుమ్ములు, ఊదు పొగ

కుందేలు తుమ్ముతుందన్న సంగతి నాకు తెలియదు. మొదటిసారి విన్నప్పుడు ఇంట్లో అందరం నవ్వాం. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కుందేళ్లను సాకేవాళ్లు ఎవరైనా ఉంటే నేను చేసిన తప్పు చేయకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. అది పైకి చెప్పుకునే మాట. నిజానికి, పని లేని మధ్యాహ్నాల్లో ఈ సంగతి నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. కాగితం మీద పెడితే మనసు కొంత నెమ్మదిస్తుందేమోనని ఆశ. మా నాయన షాద్‌నగర్ దిక్కున ఒక ఊళ్లో వీధిబడి నడిపేవాడు. ఆడపిల్లకు చదువెందుకని నలుగురూ అన్నా వినకుండా నాకు అక్షరాలు నేర్పాడు. ఇన్నాళ్లూ అవి ఉత్తరాలకు తప్ప దేనికీ పనికి రాలేదు.

శంషాబాదులో మా ఇల్లు రైలు కట్టకు దగ్గర. మాకు వానకు పండే కొంచెం చెలక, ఒక బావి ఉన్నాయి. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను, ఆరేళ్ల లచ్చి. లచ్చి తర్వాత ఒక బాబు పుట్టాడు. నాలుగో నెల నిండకముందే, పుష్యమాసం చలిలో వాడికి దగ్గు పట్టుకుంది. పదకొండు రోజులు ఎగపోసి ఎగపోసి పోయాడు. వాడి పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇక ముందుకు సాగలేను.

వాడు పోయాక లచ్చి తిండి మానేసింది. పళ్లెం ముందు కూర్చుంటుంది, మెతుకులు లెక్కపెడుతుంది, లేచి పోతుంది. బుజ్జగించాను, తిట్టాను, ఒకసారి చేయి కూడా చేసుకున్నాను. అప్పుడు శ్రావణంలో మా ఆడబిడ్డ భర్త రాజయ్యన్న పట్నం నుంచి ఒక వెదురు బుట్ట పట్టుకొని వచ్చాడు. ఆయన పట్నంలో ఒక దొర బంగళాలో తోటమాలి. ఆ దొర లడాయి పని మీద, అంటే యుద్ధం పని మీద, ఎక్కడికో బదిలీ అయి పోతూ, తన పిల్లలు పెంచుకున్న రెండు కుందేళ్లను రాజయ్యన్న చేతిలో పెట్టాడట.

"లచ్చీ, ఇగో, నీకు ఆడుకునెటందుకు తెచ్చిన. కూరకు గాదు, ముందే చెప్తున్న" అన్నాడు రాజయ్యన్న. చివరి మాట మా ఆయన వైపు చూసి అన్నాడు.

అలా అనడానికి కారణం ఉంది. మా దిక్కు కుందేలును చెవులపిల్లి అంటారు. వల వేసి పట్టడం, కోసుకొని తినడం తెలుసు గాని దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఇక్కడ ఎవరూ ఎరగరు. వాకిట్లోంచి పోయేవాళ్లు ఆగి, "ఏందమ్మా, ఇంక ఎన్ని దినాలు మేపుతరు? మసాలా ఎప్పుడు నూరుతరు?" అని ఎగతాళి చేసేవాళ్లు. లచ్చి మాత్రం తెల్లదానికి పత్తి అని, లేత పసుపుదానికి జొన్న అని పేర్లు పెట్టింది. రెండూ ఆడవే. వాటి ముందు కొత్తిమీర కట్ట పెట్టి, అవి తింటుంటే తాను కూడా పళ్లెం తెచ్చుకొని తినేది. నాకు అంతకంటే ఏం కావాలి?

కార్తీకం

చలి మొదలైంది. బయట ఉంచితే కుక్కల భయం. అందుకని కుందేళ్లను లోపలి అర్రలో పెట్టాం. బాబు పోయినప్పటి నుంచి ఆ అర్ర తలుపు ఎవరూ సరిగ్గా తెరవలేదు. నేల మీద వడ్ల ఊక మందంగా పరిచాను. ఉన్న ఒక్క చిన్న కిటికీకి గోనెసంచి కుక్కాను. చలి నుంచి కాపాడాలంటే గాలి రాకుండా చేయాలన్నదే నాకు తెలిసింది. మా అమ్మకూ అంతే తెలుసు, మా అత్తకూ అంతే తెలుసు.

ఒకరోజు లచ్చి నన్ను కేకేసింది. మా దిక్కు పిల్లలు తల్లిని అవ్వా అని పిలుస్తారు.

"అవ్వా, జొన్న ముక్కు తుడుసుకుంటుంది, సూడు!"

నిజంగానే జొన్న వెనక కాళ్ల మీద కూర్చొని, ముందుకాళ్లు రెండూ ఎత్తి ముక్కు రుద్దుకుంటోంది. రుద్దుకొని టప్పున తుమ్మింది. మళ్లీ తుమ్మింది. మేం నవ్వింది అప్పుడే. మా అత్త అయితే, "ఎవరో తలుసుకుంటున్నరు దీన్ని. ఆ దొరసానేమో" అంది.

నాలుగు రోజులకు నవ్వు పోయింది. జొన్న ముందుకాళ్ల లోపలి వైపు బొచ్చు తడిసి అట్టలు కట్టింది. ముక్కు నుంచి తెల్లగా, చిక్కగా కారుతోంది. పత్తి కూడా తుమ్మడం మొదలుపెట్టింది. కుందేళ్లున్నవాళ్లు ముక్కు కంటే ముందు ముందుకాళ్లు చూడండి. అవి ముక్కును తుడిచేసి రోగాన్ని దాచిపెడతాయి. కాళ్ల మీద మాత్రం దాచలేవు.

ఇంట్లో గొడవ మొదలైంది. ఇరుగుపొరుగు ఎవరో మా ఆయన చెవిలో వేశారు, అది క్షయ అని, పిల్ల ఉన్న ఇంట్లో ఉంచొద్దని. ఆయన మధ్యాహ్నం చెలక నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా బుట్ట తీశాడు.

"జల్‌పల్లి దిక్కు గుట్టల్ల ఇడ్సిపెట్టొస్త. ఒక పిల్లను పోగొట్టుకున్నం, ఇంకో పిల్లను పోగొట్టుకోలేను" అన్నాడు.

లచ్చి ఆ బుట్ట మీద బోర్లా పడి పట్టుకుంది. నాకు కోపం నషాళానికెక్కింది. "ముందుగాల నన్ను ఇడ్సిపెట్టి రా. గుట్టలకు తొవ్వ నాకు గూడ తెలుసు" అన్నాను. ఆయన భయం అబద్ధం కాదని అప్పుడే తెలుసు. తెలిసీ అన్నాను. ఆయన బుట్ట కింద పెట్టి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మార్గశిరం

ఆ గొడవ సద్దుమణిగేలా ఒక దారి చూపింది మా అత్త.

"పసిపిల్లకు పడిశం పడితే ఏం జేస్తం? ఒంటికి నూనె రాసి, ఉడుకు నీళ్లు పోసి, ఊదు పడుతం. ఇవి గూడ పసిపిల్లలే గదా? నోరులేనివి" అంది.

ఊదంటే సాంబ్రాణి. కుంపట్లో నిప్పులు వేసి, వాటి మీద ఊదు చల్లి, పైన వెదురు బుట్ట బోర్లించి, పసిబిడ్డను ఆ బుట్ట దగ్గర పెట్టి తల ఆరబెట్టడం మా ఇళ్లలో ప్రతి తల్లీ చేసే పని. నేనూ చేశాను. లచ్చికి చేశాను. బాబుకు చేశాను. వాడు దగ్గుతున్న పదకొండు రోజులూ చేశాను.

బాబు పోయాక ఆ కుంపటి అటక మీదికి పోయింది. మా అత్త ఆ మాట అనగానే నేనే ఎక్కి దించాను. బూడిద దులిపాను. జొన్నకు నూనె రాసి, గోరువెచ్చని నీళ్లు పోసి, పాత చీరముక్కలో చుట్టి, పొగ దగ్గర పట్టుకున్నాను. బరువు కూడా ఇంచుమించు బాబంతే. గుండె టకటకా కొట్టుకుంటూ నా అరచేతికి తగులుతోంది. ఇన్ని నెలల తర్వాత నా చేతులకు తెలిసిన పని దొరికింది. నిజం చెప్పాలంటే ఆ రోజు వైద్యం నాకే జరిగింది. అందుకే అంత శ్రద్ధగా చేశాను.

కుందేళ్లకు మాత్రం తగ్గలేదు. వాటి రొమ్ములో గురగురమని చప్పుడు మొదలైంది. జొన్న తల పైకెత్తి, మెడ చాచి కూర్చునేది. తగ్గకపోతే మందు పెంచాలనుకుంటాం కదా. ఒక పూట పొగను రెండు పూటలు చేశాను. పొగ బయటికి పోయి వృథా కాకుండా అర్ర తలుపు కూడా మూసేదాన్ని. ఊక తడిసి ఘాటుగా వాసన వేస్తుంటే ఆ వాసన పోవడానికి ఇంకో చిటికెడు ఊదు వేసేదాన్ని.

ఒకరోజు పొద్దున తలుపు తీస్తే జొన్న మూలన పడి ఉంది. నోరు తెరిచి ఉంది. పత్తి దాని పక్కనే కూర్చొని తల పైకెత్తి గాలి పీల్చుకుంటోంది. మా ఆయన జొన్నను తీసుకుపోయి చెలక గట్టున పాతిపెట్టి వచ్చాడు. గుంత బాగా లోతుగా తీశాడని, కుక్కలు తవ్వలేవని లచ్చికి చెప్పాడు. పిల్ల ఏడవలేదు. నా కొంగు పట్టుకొని ఒక్క మాట అడిగింది.

"అవ్వా, పత్తి గూడ తమ్ముని లెక్కనే పోతదా?"

ఆ పూట పిల్ల మళ్లీ పళ్లెం ముట్టలేదు. పత్తి పోతే ఈ పిల్లను మళ్లీ తిండి దగ్గరికి తేవడం నా తరం కాదని నాకు తెలిసిపోయింది. ఇంక నాకు పత్తి ప్రాణం వేరు, లచ్చి ప్రాణం వేరు కాదు.

పుష్యం

రాజయ్యన్న కబురు తెలిసి వచ్చాడు. పత్తిని చూసి, "పట్నంల పశువుల దవాఖాన ఉంది. దొర గుర్రాలను గాడికే కొంటవోయెటోళ్లు. జర తొందరగ పొండ్రి" అన్నాడు.

మర్నాడే రైలెక్కాం. నేను, లచ్చి, మా ఆయన. ఆయన వస్తాడనుకోలేదు. వచ్చాడు, కాని బుట్ట మీద తన తువ్వాల కప్పి, మాకు పది అడుగులు ముందు నడిచాడు. చెవులపిల్లిని దవాఖానకు తీసుకుపోతున్నాడని ఎవరైనా చూస్తే ఆయన పరువు ఏం కావాలి? రైలుపెట్టెలో ఒకాయన బుట్టలో ఏముందని అడిగితే, "కోడిపెట్ట" అన్నాడు. కోడిపెట్ట అప్పుడే తుమ్మింది. లచ్చి చాలా రోజుల తర్వాత నవ్వింది.

పశువుల దవాఖానలో కూర్చోవడానికి బల్లలుండవు. పశువులకు బల్లలెందుకు? ఆవరణంతా పేడ, తొక్కిన గడ్డి, చల్లగాలి. మాకంటే ముందు రెండు బర్రెలు, కడుపు ఉబ్బిన ఒక మేక, నాలుగైదు గుర్రాలు ఉన్నాయి. బుట్టలో కుందేలుతో వచ్చింది మేమొక్కళ్లమే. మా ముందు నిలబడ్డ టాంగా నడిపే ముసలాయన బుట్టలోకి తొంగి చూసి నవ్వాడు.

"ఏందమ్మా, కూర గూడ దవాఖానకొచ్చిందా?"

లచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. జొన్న పోయినప్పుడు రాని ఏడుపంతా అక్కడ వచ్చింది. ముసలాయన ముఖం మాడిపోయింది. తన గుర్రాన్ని అడ్డంగా తిప్పి, మాకు గాలి తగలకుండా నిలబెట్టాడు. భుజం మీది కంబళి తీసి బుట్ట చుట్టూ చుట్టాడు. అలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. పత్తి ఒక్కో ఊపిరికీ తల ఎత్తుతుంటే, ఎత్తిన ప్రతిసారీ లచ్చి నా చేయి నొక్కేది. ముసలాయన వంతు వచ్చి లోపలి నుంచి పిలిచారు. ఆయన కదల్లేదు.

"నా గుర్రం మూడు కాళ్ల మీద ఎంతసేపన్న నిలబడ్తది. గా బుట్టలది నిలబడేటట్టు లేదు. ముందు మీరు పొండ్రి బిడ్డా" అన్నాడు.

ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఇది ఎప్పుడైనా ఎవరైనా ఆయనకు చదివి వినిపిస్తే బాగుండు.

డాక్టరు సాబ్ పెద్దాయన. కళ్లజోడు ఒక పక్క దారంతో కట్టుకున్నాడు. కుందేలును చూసి ఆయన నవ్వలేదు. పత్తిని బల్ల మీద పెట్టించి ముందుగా ముందుకాళ్ల లోపలి వైపు చూశాడు. రొమ్ము మీద చెవి పెట్టి విన్నాడు. తర్వాత దాన్ని ఎత్తి, వీపు మీది బొచ్చులో ముక్కు పెట్టి వాసన చూశాడు.

"దీని ఒంటికి ఊదు వాసనేంది?" అన్నాడు.

"రెండు పూటల పడుతున్న సాబ్. నీళ్లు పోసి, నూనె రాసి, తలుపు మూసి పడుతున్న. ఒక్క పూట గూడ తప్పియ్యలే" అన్నాను.

గర్వంగానే అన్నాను. ఇంత చేసిన తల్లిని మెచ్చుకుంటాడనుకున్నాను.

ఆయన పత్తిని మెల్లగా కింద పెట్టాడు. "తల్లీ, మనకు ముక్కు మూసుకపోతే నోటితోని గాలి పీలుస్తం. దీనికి ముక్కే దిక్కు. కంటికి కానరాని పురుగొకటి దీని ముక్కుల జేరింది. లోపలంత పుండయింది. ఆ పుండు మీద నువ్వు దినాం రెండుసార్లు పొగ పెడుతున్నవ్. ఊక దుమ్ము ఒకటి, ఉచ్చ ఘాటొకటి, మీదికెల్లి పొగ. గాలి ఏడికెల్లి రావాలె?"

"ఇంకోటి సచ్చిపోయింది సాబ్" అన్నాను.

ఆయన తల ఊపాడు. క్షయ కాదని, పిల్లకు భయం లేదని మా ఆయనకు చెప్పాడు. నీళ్లు పోయొద్దన్నాడు. అర్ర నుంచి తీసి గాలీ వెలుతురూ వచ్చే చోట, దుమ్ము లేని ఎండుగడ్డి మీద ఉంచమన్నాడు. తడిగుడ్డతో ముక్కు తుడుస్తూ ఉండమన్నాడు. లడాయి వల్ల మందులన్నీ ఫౌజుకే పోతున్నాయంటూ, వెతికి కొన్ని తెల్ల బిళ్లలు తీసి కాగితంలో కట్టి ఇచ్చాడు. అవన్నీ విన్నాను. కాని నా మనసు పొగ దగ్గరే ఆగిపోయింది. అడగకూడదని తెలిసీ అడిగాను.

"సాబ్, పసిపిల్లలకు గూడ అంతేనా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకేమన్న జరిగిందా తల్లీ?"

చెప్పాను. పదకొండు రోజులని చెప్పాను. తలుపు మూసేదాన్నని చెప్పాను. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

"నేను పశువుల డాక్టర్ని. నీ కొడుకు దేనితోని పోయిండో, ఆ పొద్దు ఆడ లేని నేను చెప్పలేను. చెప్తె అబద్ధమైతది. దగ్గుతున్న పిల్ల ముంగట నేనైతే పొగ పెట్టనియ్య. ఇగ దానికన్న ఎక్కువ నన్నడగకు. నువ్వు గూడ నిన్ను అడుక్కోకు" అన్నాడు.

ఆయన నన్ను ఓదార్చలేదు, నాపై తప్పూ మోపలేదు. ఆ రోజు నాకది చాలా కఠినంగా తోచింది. ఇప్పుడు అనుకుంటే, నాతో నిజం మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన బుట్ట మీద తువ్వాల కప్పలేదు. నా ముందు కాకుండా నా పక్కనే నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త చేటలో బియ్యం చెరుగుతోంది. ఏమీ చెప్పకూడదని దారంతా అనుకుంటూ వచ్చాను. పిల్లకు ఆ సంగతి చెప్పడం మరిచాను. లచ్చి గడప దాటకముందే అరిచింది.

"నాయనమ్మా, ఊదు పెట్టొద్దంట! పెడితే సస్తదంట!"

అత్త చేతిలో చేట ఆగింది. "ఎవరన్నరే?"

"డాక్టరు సాబ్. అవ్వ తమ్ముని గురించి గూడ అడిగింది."

అత్త నా ముఖం చూసింది. మళ్లీ బియ్యం చెరిగింది. చెరిగిన బియ్యమే రెండోసారి చెరిగింది.

మూడు రోజులు నేను ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమె మీద నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పకపోతే నేను పెట్టేదాన్నా అనిపించింది. అది న్యాయం కాదు. పొగ పెట్టిన చేయి నాది, తలుపు మూసిన చేయి నాది. తెలిసినా కోపం తగ్గలేదు. ఆమె కూడా తినీ తినక లేచేది. ఒకే ఇంట్లో పిల్ల ఒక పక్క, ముసలామె ఒక పక్క పళ్లేలు వదిలేసి లేస్తుంటే, మధ్యలో నేను పత్తి ముక్కు తుడుస్తూ కూర్చున్నాను.

నాలుగో రోజు పొద్దున ఎండలో పత్తిని ఒళ్లో పెట్టుకొని ఉంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"నాకు ఏడుగురు పుట్టిర్రు. నలుగురు మిగిలిర్రు. అందరికి ఊదు పెట్టిన. మిగిలినోళ్లను సూసి ఊదు మంచిదనుకున్న. పోయినోళ్లను సూసి ఎన్నడు ఏమనుకోలే. దేవుడు తీస్కపోయిండనుకున్న."

నా కోపం ఆ మాటతో ఎటు పోయిందో తెలియదు. నేను ఒక బిడ్డ దగ్గరే ఇంత నలిగిపోతున్నాను. ఆమె ముసలితనంలో, ఒక కుందేలు పుణ్యమా అని, ముగ్గుర్ని మళ్లీ మొదటి నుంచి పోగొట్టుకుంటోంది.

"పట్టింది నేను అత్తా" అన్నాను.

"పట్టమన్నది నేను" అంది ఆమె. అని, చేతులు చాపింది. "ఇటియ్యి దాన్ని. నీకు ముక్కు తుడుసుడు ఒస్తలేదు. గట్టిగ రుద్దుతున్నవ్."

మాఘం

ఆ రోజు నుంచి పత్తి పని సగం అత్తదే. లోపలి అర్రలోని ఊకంతా ఎత్తిపోసి, నేల అలికి, గోడలకు సున్నం వేశాం. కిటికీకి కుక్కిన గోనెసంచి ఆమె చేత్తోనే పీకింది. వెలుతురు పడితే గోడ మీద పాత కాటుక మరక కనిపించింది. బాబుకు దిష్టిచుక్క పెట్టి నేను వేలు తుడుచుకున్న మరక అది. దాని మీద సున్నం వేయలేదు మేం. అత్త చుట్టూ వేసి అక్కడ ఆపింది.

పత్తిని అరుగు మీద పెట్టాం. తెల్ల బిళ్లను సగం చేసి, బెల్లం నీళ్లలో అరగదీసి, చుక్క చుక్క పెదవి పక్క నుంచి పోసేవాళ్లం. మొదటి వారం ఏ మార్పూ లేదు. నాకు ఆశ ఉందో లేదో నాకే తెలిసేది కాదు. పొద్దున లేవగానే అరుగు దిక్కు చూడకుండా బావి దగ్గరికి పోయేదాన్ని. లచ్చి కేక వినపడకపోతే పత్తి బతికే ఉందనుకునేదాన్ని.

తర్వాత ఒకరోజు మా ఆయన చెలక నుంచి కొత్తిమీర తెచ్చి, ఎవరూ చూడటం లేదనుకొని పత్తి ముందు పెట్టాడు. నేను తలుపు చాటు నుంచి చూశాను. పత్తి ముక్కు కదిలించింది. వాసన తెలిసింది దానికి! ఒక రెమ్మ లాక్కొని నమిలింది. ఆయన ఇంకో రెమ్మ చేతికి తీసుకొని, "తిను, తిను, నీ కోసం రైల్ల అబద్ధమాడిన" అన్నాడు. లచ్చిని నేను పిలవలేదు. ఆయనే పిలిచాడు. ఆ పూట పిల్ల రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

పత్తికి పూర్తిగా నయమైందని చెప్పను. ఈ జబ్బు పూర్తిగా పోదని, లోపల అణిగి ఉండి, చలికి, దుమ్ముకు, పొగకు మళ్లీ లేస్తుందని డాక్టరు సాబ్ ముందే చెప్పాడు. అలాగే జరుగుతోంది. వాన పడితే తుమ్ముతుంది. పొయ్యి పొగ ఆ దిక్కుకు తిరిగితే తుమ్ముతుంది. ముక్కు తుడిచి, చోటు మారుస్తాం. మళ్లీ తింటుంది, మళ్లీ గంతులేస్తుంది. దుఃఖం గురించి కూడా నేను ఈ మధ్య ఇలాగే అనుకుంటున్నాను. ఎప్పుడు లేస్తుందో తెలిస్తే దానితో కలిసి బతకవచ్చు.

మళ్లీ కార్తీకం

నాకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండుతుంటే అందరూ సంతోషపడ్డారు గాని నాకు రోజురోజుకూ భయం పెరిగింది. పురిటికి భయపడలేదు. పురుడయ్యాక వచ్చే స్నానానికి భయపడ్డాను. ఆ మొదటి స్నానం నాడు నలుగురిలో నేను ఏమనాలి? ఊదు వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే మా అత్తను ఊరంతటి ముందు నిలబెట్టినట్టే. చెప్పకపోతే పిల్ల ముందు పొగ పెడతారు. తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా ఈ మాట అత్తతో అనలేకపోయాను. ఆమె కూడా ఎత్తలేదు.

ఆ రోజు మంత్రసాని మల్లమ్మ నేనున్న లోపలి అర్రలోకి వచ్చి పిల్లకు నూనె రాసి నీళ్లు పోసింది. పక్కింటి ఆడవాళ్లు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. పిల్ల కేర్‌మని ఏడ్చింది. గుడ్డలో చుట్టి నా పక్కన పెట్టి, మల్లమ్మ కుంపటి ముందుకు లాగింది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. ఆమె పిడికిట్లో ఊదు ఉంది. మంచం కోడు పట్టుకొని లేవబోయాను.

అంతలో అత్త వచ్చి రెండు గుడ్డపేలికలతో కుంపటి పట్టుకొని ఎత్తింది.

"ఏందమ్మా, ఏడికి తీస్కపోతున్నవ్? పిల్లకు ఊదు పట్టాలె గదా" అంది మల్లమ్మ.

"వద్దు. అరుగు మీద ముక్కు జబ్బుది ఉన్నది. దానికి పొగ పడదు" అంది అత్త.

ఆడవాళ్లు ముగ్గురూ నోరు తెరిచారు. మల్లమ్మ పగలబడి నవ్వింది. "చెవులపిల్లి కోసం పసిపిల్లకు ఊదు మానుతరా? ఇదేం ఇంటి తీరు తల్లీ!"

"ఆఁ, మానుతం. మా ఇంట్ల గిట్లనే" అంది అత్త.

ఊరంతా నవ్వుకోబోయే ఆ మాటను తలెత్తి అంది. నా వైపు చూడలేదు. కుంపటి పట్టుకొని అరుగు దాటి, వాకిలి దాటి, పెరటి చివరికి పోయింది. నిప్పుల మీద నీళ్లు పోసిన చప్పుడు నా మంచం దాకా వినపడింది. తిరిగి వచ్చి, లోపలి అర్ర కిటికీ రెక్క బార్లా తెరిచి, పిల్లను తన ఒళ్లోకి తీసుకొని దాని ముందు కూర్చుంది.

ఇది రాస్తున్న ఈ వైశాఖంలో నా కూతురికి ఆరో నెల. నాలుగో నెల దాటిన రోజు ఎవరూ ఏమీ అనలేదు. అత్త మాత్రం పత్తికి ఒక కట్ట కొత్తిమీర ఎక్కువ వేసింది.

ఆ మొదటి స్నానం నాడు పిల్ల తల ఆరడానికి చాలాసేపు పట్టింది. అత్త వేళ్లతో జుట్టు విడదీస్తూ, ఊదుతూ, కిటికీ దిక్కు తిప్పుతూ కూర్చుంది. ఆ పూట నా కూతురి తల గాలికే ఆరింది.